గీత చెదరలేదు

మా ఆవిడ గోళ్ళ రంగు సీసా ఒకటి ఆమెను అడగకుండా తీసుకున్నాను. ముదురు ఎరుపు. దాంతో నా గిటార్ పెట్టె మీదున్న ఆరు నాబ్‌లకు ఆరు గీతలు గీశాను. ప్రతి గీతా సగం నాబ్ మీద, సగం పెట్టె మీద పడేలా గీశాను. ఎవరైనా నాబ్‌ను రవ్వంత తిప్పినా గీత రెండు ముక్కలై పక్కకు జరుగుతుంది. దొంగ దొరికిపోతాడు. ఆ దొంగ ఎవరో నాకు ముందే తెలుసనుకున్నాను. గది తలుపు గడియ వేసుకుని మరీ ఈ పని చేశాను. అప్పుడు సిగ్గనిపించలేదు.

ఇది మా షెడ్డు అలవాటు. బిలాస్‌పూర్‌లో రైలింజన్లు మరమ్మతు చేసే షెడ్డులో నేను టెక్నీషియన్‌ని. మా తాత శ్రీకాకుళం జిల్లా నుంచి పట్టాల పనికి ఇక్కడికొచ్చాడు. నాన్న ఇక్కడే ఉద్యోగం చేశాడు, నేనూ ఇక్కడే చేస్తున్నాను. ఇంజను కింద ఒక బోల్టును కొలత ప్రకారం బిగించాక, దాని మీదుగా పక్కనున్న ఇనుము మీదకు పసుపు పెయింటుతో ఒక గీత గీస్తాం. మళ్ళీ ఆ ఇంజను షెడ్డుకి వచ్చినప్పుడు టార్చి వేసి గీతను చూస్తే చాలు. గీత తిన్నగా ఉంటే బోల్టు కదల్లేదు. చెదిరితే వదులైంది. ఎవరినీ అడగక్కర్లేదు, ఎవరి మాటా నమ్మక్కర్లేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను గీతను నమ్మడం నేర్చుకున్నాను. మనిషిని నమ్మడం అంతగా నేర్చుకోలేదు.

ఇక ఆ పెట్టె సంగతి. దాన్ని మోడలర్ అంటారు. చేతిసంచిలో పట్టేస్తుంది. గిటార్ శబ్దాన్ని పెంచే పాతకాలపు ఆంప్‌ల గొంతులు, వాటి స్పీకర్ డబ్బాల గొంతులు అంకెలుగా మార్చి అందులో దాచారు. ఒక పక్క గిటార్ వైరు, ఇంకో పక్క హెడ్‌ఫోనో హాలు సౌండ్ వైరో తగిలిస్తే, గదంత ఆంప్ ముందు నిలబడి వాయించినట్టే ఉంటుంది. మా కాలనీ తెలుగు సంఘం పాటల బృందంలో నేను గిటార్ వాయిస్తాను, మా బావమరిది కీబోర్డు వాయిస్తాడు. స్కూటర్ మీద కాళ్ళ మధ్య పెద్ద ఆంప్ పెట్టుకుని తిప్పలు పడుతున్న నన్ను చూసి, ఈ పెట్టె కొనమని చెప్పింది అతనే. కొన్న రోజునే దానికి సంబంధించిన యాప్‌ను తన ఫోన్‌లో దింపుకుని, అన్నీ సరిచేసి ఇచ్చిందీ అతనే. ఈ విషయం గుర్తుంచుకోండి. నేను బాగా గుర్తుంచుకున్నాను, వేరే కారణానికి.

ఉగాది కార్యక్రమంలో ఈసారి మా ఇద్దరికీ ఒక అంశం ఇచ్చారు. పాట లేదు, మాట లేదు, గిటార్, కీబోర్డు మాత్రమే. దానికి నాకు క్లీన్ టోన్ కావాలి. గిటార్‌ను గరగరలాడించడం సులువు. ఆ గరగరలో వేలి తప్పులన్నీ దాక్కుంటాయి. క్లీన్ టోన్‌లో దాక్కోవడానికి చోటుండదు. తీగ మీద వేలు ఎలా పడిందో అలాగే బయటికొస్తుంది. పెట్టెతో పాటు వచ్చిన శబ్దాలన్నీ నాకు బాత్‌రూమ్‌లో పాడినట్టు తడితడిగా అనిపించాయి. మొదటి నంబరులో ఉన్న క్లీన్ ఆంప్‌నే తీసుకుని, దాని మీదే పని చేస్తూ కూర్చున్నాను. గరగర పుట్టించే గెయిన్ బాగా తగ్గించి, ఆ తగ్గినది వాల్యూమ్‌లో పెంచాను. హాల్లో బాస్ ఎలాగూ ఉబ్బుతుంది కాబట్టి సగానికంటే కిందికి దించాను. ఎన్నేళ్ళుగానో అందవికారంగా ఉంటుందని నేను దూరం పెట్టిన మిడ్‌ను, అంటే నడిమి స్వరాలను, ఈసారి పెంచి చూశాను. అసలు గొంతు అక్కడే ఉంది. రివర్బ్, అంటే గది ప్రతిధ్వని, మా ముందుగది అంత, అంతకంటే ఎక్కువ కాదు. ట్రెబుల్ ఒక్కటే మూడు రోజులు ఏడిపించింది. చివరికి ఒక సెలవు రోజు ఉదయం దొరికింది. స్టీలు పళ్ళెంలో నీటిచుక్క పడ్డట్టు, మొదట చిన్న చప్పుడు, ఆ వెనక గుండ్రని మోగుడు.

వంటింట్లోంచి మా ఆవిడ, "ఇయాల బాగున్నాదండీ. సెవిలో గుచ్చుకోట్లేదు" అంది.

మరుసటి రోజు డ్యూటీ నుంచి వచ్చి పెట్టె వేస్తే ఆ టోన్ లేదు. అదే గిటార్, అదే వైరు. శబ్దం మాత్రం మళ్ళీ బాత్‌రూమ్‌లోకి వెళ్ళిపోయింది. అలసిపోయిన చెవి అనుకున్నాను. నాబ్‌లు ఒక్కొక్కటీ కాస్త కదిపి సరిచేశాను, వచ్చింది. మరునాడు మళ్ళీ పోయింది. మళ్ళీ తెచ్చుకున్నాను. మళ్ళీ పోయింది.

షెడ్డులో ఒక లోపం వస్తూ పోతూ ఉంటే మేం ముందు వేసుకునే ప్రశ్న, అది ఎప్పుడు వస్తోంది అని. నేనూ అదే వేసుకున్నాను. సెలవు రోజుల్లో టోన్ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చెక్కుచెదరదు. డ్యూటీ రోజున మాత్రం పోతుంది. అంటే నేను ఇంట్లో లేనప్పుడే పోతుంది. నేను లేనప్పుడు ఇంటికి ఎవరొస్తారు?

మా బావమరిది వస్తాడు. అతనూ మా షెడ్డే, వేరే షిఫ్టు. మోప్కాలో ఇల్లు కట్టుకున్నాడు. అంత దూరం పోయి రాలేక మధ్యాహ్నం భోజనం వాళ్ళక్క దగ్గరే చేస్తాడు. కీబోర్డు కూడా ప్రాక్టీసు కోసం మా ముందుగదిలోనే ఉంచాడు, నా పెట్టె పక్కన. తిన్నాక కాసేపు వాయించుకుని వెళ్తాడు. తల్లీ తండ్రీ పోయాక మా ఆవిడకు పుట్టింటి మనిషంటూ మిగిలింది అతనొక్కడే. అతను తినే ఆ అరగంట ఆమెకు పండగ.

అప్పటి నుంచి అతను ఏం మాట్లాడినా నాకు రెండో అర్థం వినిపించడం మొదలైంది.

"ఏటి బావా, ఇయాల నీ గిటార్ ముక్కుతో పాడతన్నాది? జలుబు సేసిందేటి?" అన్నాడొక రోజు బృందం ప్రాక్టీసులో.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లోపల మాత్రం, చేసినవాడికే తెలుస్తుంది ఎక్కడ చెడిందో, అనుకున్నాను. అతను నా పెట్టె వైపు చూస్తే, ఎందుకు చూస్తున్నాడనుకున్నాను. చూడకపోతే, ఎందుకు చూడట్లేదనుకున్నాను.

గీతలు గీసింది అప్పుడే.

మరునాడు డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా టార్చి వేసి చూశాను. ఆరు గీతలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒక్కటీ చెదరలేదు. స్విచ్చి వేసి తీగ మీటాను. టోన్ లేదు.

మామూలు మనిషయితే అక్కడ ఆగి తన లెక్క తప్పేమో అనుకుంటాడు. నాకు మాత్రం ఇంకా గట్టి రుజువు దొరికినట్టయింది. గీత చెదరకుండా శబ్దం మారిందంటే, చేసినవాడు నాబ్ ముట్టుకోకుండా చేశాడు. ముట్టుకోకుండా చేయాలంటే ఫోన్‌తో చేయాలి. యాప్ ఎవరి ఫోన్‌లో ఉంది? పైగా నాబ్ ఎందుకు ముట్టుకోలేదు? ఎర్ర గీతను చూశాడు కాబట్టి. మా ఆవిడ చూస్తే ఏదో మరక అనుకుంటుంది. అది గీత అని, ఎందుకు గీశారో కూడా ఒక్క చూపులో తెలిసేది షెడ్డువాడికే. ఇలా అల్లుకుంటూ పోయాను. నాబ్‌ను కాస్త కదిపి మళ్ళీ గీత దగ్గరికి తెస్తే పాత టోన్ వచ్చేయడం కూడా నాకు అతని తెలివిగానే కనిపించింది.

ఉగాదికి వారం ముందు ఆదివారం మా ఇంట్లో ప్రాక్టీసు. పాటలు పాడే రిటైర్డు గార్డు గారు కూడా ఉన్నారు. మా ఆవిడ పునుగులు వేసి తెచ్చింది. నేను ఉదయం షిఫ్టు చేసి అప్పుడే వచ్చాను. పెట్టె వేశాను. తడి శబ్దం.

"నీ ఫోన్ ఇలగియ్యి" అన్నాను బావమరిదితో.

"ఎందుకు బావా?"

"ఇయ్యి, సెప్తాను."

నోట్లో పునుగు నములుతూ ఫోన్ ఇచ్చాడు. మొత్తం వెతికాను. యాప్ లేదు.

"ఏటి వెతుకుతన్నావు?"

"పెట్టె యాప్ ఏది?"

"అదా? ఫోన్‌లో జాగా లేక ఎప్పుడో తీసేశాను యార్. నీకేం పని?"

"ఎప్పుడో తీసేశావో, ఇయాల పొద్దున తీసేశావో ఎవడికి తెలుసు?"

అతను నమలడం ఆపాడు. "ఏటంటన్నావు బావా?"

నేను అంతా చెప్పాను. డ్యూటీ రోజులు, సెలవు రోజులు, గీతలు, అన్నీ. నా గిటార్ చెడితే కీబోర్డు ఒక్కటే వినబడుతుందని చూస్తున్నావు అని కూడా అన్నాను. గార్డు గారు, "ఏటి నాయినా, పండగ ముందర ఈ మాటలేటి" అంటూ మధ్యలోకి వచ్చారు. నేను వినలేదు.

బావమరిది వంగి గీతలు చూశాడు. చాలాసేపు చూశాడు. "నా కోసం గీసినావా ఇవి?" అని మాత్రం అడిగాడు. తర్వాత వైర్లు తీసి చుట్టాడు, కీబోర్డును కవరులో పెట్టాడు, స్టాండు మడిచాడు, రెండూ భుజాన వేసుకున్నాడు. మా ఆవిడ గుమ్మంలో అడ్డం నిలబడింది.

"తిని ఎల్లరా."

"సాలక్కా."

అతను వెళ్ళాక ఆమె నాతో ఒక్క మాటే అంది. "ఆడు నా తమ్ముడు." గొంతు పెంచలేదు.

ఆ వారం అతను భోజనానికి రాలేదు. ఆమె మాత్రం ముగ్గురికీ వండింది. మూడో కంచం కడిగి, బోర్లించి, మధ్యాహ్నం దాటాక మళ్ళీ లోపల పెట్టేది. కీబోర్డు స్టాండు కాళ్ళు నేల మీద వదిలిన నాలుగు గుండ్రటి మచ్చలను ఆమె తుడవలేదు. ఉగాదికి తమ్ముడు ఈ గడప తొక్కకపోతే ఇక ఎప్పటికీ తొక్కడని ఆమె భయం. నాతో చెప్పలేదు. ఫోన్‌లో అతని పెళ్ళాంతో అంటుంటే వినబడింది.

నేను ఒంటరిగా వాయించడానికి సిద్ధపడ్డాను. పండగకు రెండు రోజుల ముందు నాకు సెలవు. ఉదయమే టోన్ తెచ్చుకున్నాను. అంత బాగా ఎప్పుడూ కుదరలేదు. కిటికీ అవతల బొగ్గు గూడ్సు బండి ఒకటి పోతుంటే, ఆ మోత మధ్యలో కూడా పై తీగ స్పష్టంగా వినబడింది. ఇప్పుడు ఎవడు చెడగొడతాడో చూస్తాను అనుకున్నాను. నిజంగానే అలా అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఒక నిమిషం. మళ్ళీ వచ్చింది. పెట్టె దానంతట అదే వెలిగింది. నేను ఆగిన చోటి నుంచి అందుకున్నాను.

తడి శబ్దం.

గిటార్ నా ఒళ్ళో ఉంది. గదిలో నేనొక్కడినే ఉన్నాను. తలుపు వేసి ఉంది. గీతలు తిన్నగా ఉన్నాయి. నాబ్‌లు కదిపి టోన్ తెచ్చుకున్నాను. స్విచ్చి నేనే ఆపి, నేనే వేశాను. పోయింది. మళ్ళీ చేశాను. మళ్ళీ పోయింది.

పెట్టె కుడి అంచున ఒక చిన్న బటన్ ఉంది. సేవ్ అని రాసి ఉంది. దాన్ని నేను ఒక్కసారి కూడా నొక్కలేదు. ఏదైనా కాపీ తీసుకోవడానికేమో అనుకున్నాను. బోల్టు బిగించాక, బిగించానని గుర్తుంచుకో అని బోల్టుకు చెప్పే పని మా షెడ్డులో లేదు కదా. ఈ పెట్టెలో నాబ్ ఎక్కడుందో పెట్టెకు అక్కర్లేదు. తిప్పినప్పుడు మాత్రం వింటుంది. కరెంటు పోతే మరిచిపోయి, తనకు ముందు నేర్పిన శబ్దానికే వెళ్ళిపోతుంది. కరెంటు ఎవరు తీశారు? డ్యూటీకి పోయేముందు అన్ని స్విచ్చులూ ఆపడం నాకు షెడ్డు నేర్పిన అలవాటు. సెలవు రోజున ఆపను. నేను లేనప్పుడు టోన్ పోవడానికి కారణం, వెళ్తూ వెళ్తూ నేనే దాన్ని తుడిచేయడం.

అక్కడితో అయిపోతే ఇది ఒక తెలివితక్కువ పని. తెలివితక్కువ పని గురించి ఇంత రాయనక్కర్లేదు. గిటార్ పక్కన పెట్టి కూర్చున్నాక అసలు ప్రశ్న వచ్చింది. నాకు అతని మీదికే ఎందుకు పోయింది మనసు? తోటి వాద్యకారుడి శబ్దాన్ని ఎవరూ చూడనప్పుడు తగ్గించవచ్చనే ఆలోచన నాకు ఎక్కడిది?

నాకు అది ఎక్కడి నుంచో వచ్చింది కాదు. రెండేళ్ళ కిందట షెడ్డులో ఒకాయన రిటైరైనప్పుడు సెండాఫ్ పెట్టారు. మేం వాయించాం. మొదటి సగంలో బావమరిది కీబోర్డుకు చప్పట్లు ఆగలేదు. టీ విరామంలో అందరూ బయట ఉన్నారు. నేను అందరి శబ్దాలూ కలిపే మిక్సర్ దగ్గరికి వెళ్ళి, అతని కీబోర్డు శబ్దాన్ని పెంచే, తగ్గించే స్లైడర్‌ను రెండు వేళ్ళ మందం కిందికి జరిపాను. రెండో సగంలో కీబోర్డు వినబడలేదని జనం అన్నారు. అతను తన వైరు పాడైందనుకున్నాడు. మరునాడు ఆ వైరు తెచ్చి నాకిస్తే, బాగానే ఉన్న వైరును కోసి, సోల్డరింగ్ పెట్టి, అతికి ఇచ్చాను. "థాంక్స్ బావా" అన్నాడు.

మా ఆవిడకు సేవ్ బటన్ సంగతి చెప్పాను. రెండోది చెప్పలేదు.

"నాకు సెప్తే ఏటి లాభం? ఆడికి సెప్పండి" అంది, బియ్యం ఏరుతూ.

లింగియాడీహ్ దాటి మోప్కా పోయేసరికి సాయంత్రమైంది. బావమరిది డాబా మీద కొత్తగా కట్టిన పిట్టగోడకు పైపుతో నీళ్ళు కొడుతున్నాడు. నన్ను చూసి పైపు ఆపలేదు. నేను మెట్లెక్కి, ఏ ముందుమాటా లేకుండా, కరెంటు పోయిన దగ్గర నుంచి సేవ్ బటన్ దాకా చెప్పాను. కాసేపు అర్థం కానట్టు చూశాడు. తర్వాత నవ్వు మొదలైంది. పైపు అతని కాళ్ళ మీదే పారుతోంది.

"సేవ్ కొట్టలేదా? అరే బావా! నెల్రోజులు?"

"నెల్రోజులు."

"ఆ గీతలు దేంతో గీసినావు? షెడ్డు పెయింట్ కాదది."

"మీ అక్క గోళ్ళ రంగు."

"అక్కకి తెలుసా?"

"తెలీదు."

"అచ్ఛా! అయితే నీ పని అయిపోనాది." మళ్ళీ నవ్వాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "ఛోడో బావా. నాకూ కోపమొచ్చింది గానీ... ఉగాదికి వస్తాను. అక్కని పులిహోర సేయమను. తింటాను, వాయిస్తాను. బస్."

నేను ఆ మాట పట్టుకుని వెళ్ళిపోవచ్చు. కింద స్కూటర్ ఉంది. ఇంట్లో ఆమె ఎదురుచూస్తోంది, ఆమెకు కావలసింది నా చేతిలో ఉంది. రెండు మెట్లు దిగాను కూడా. మళ్ళీ ఎక్కాను.

"ఇంకోటున్నాది."

"ఏటి?"

చెప్పాను. నవ్వు అతని మొహం మీద కాసేపు అలాగే ఉండిపోయింది, ఆర్పడం మరిచిన లైటులాగా. తర్వాత పోయింది.

"ఆ వైరు?" అన్నాడు.

"వైరు బాగానే ఉన్నాది."

"నువ్వే కదా అతికావు."

"అవును."

అతను గోడ వైపు తిరిగాడు. తడిసిన చోటే మళ్ళీ మళ్ళీ తడిపాడు. సిమెంటు నీళ్ళు నా చెప్పుల దాకా వచ్చాయి. ఏదైనా అంటాడని నిలబడ్డాను. తిడితే బాగుండుననుకున్నాను.

"ఎల్లు బావా. అక్క సూస్తంటాది" అన్నాడు, తిరగకుండానే.

ఉగాదికి వచ్చాడు. పొద్దున్నే వచ్చాడు. మా ఆవిడ గుమ్మంలోనే అతని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. పులిహోర రెండుసార్లు వేయించుకున్నాడు. గోళ్ళ రంగు సంగతి అక్కకు చెప్పి, ఆమె చేత నన్ను తిట్టించాడు. నాతో కూడా మాట్లాడాడు, ఏ స్వరం ముందు, ఏది తర్వాత అని. అంతకుమించి మాట్లాడలేదు.

సాయంత్రం హాల్లో వైర్లు తగిలించాక అతను మిక్సర్ దగ్గరికి వెళ్ళాడు. తన స్లైడర్ సరిచేసుకున్నాడు. జేబులోంచి తెల్ల టేపు ముక్క ఒకటి తీసి స్లైడర్ పక్కన అతికించాడు. పెన్నుతో, స్లైడర్ ఆగిన చోట, ఒక గీత గీశాడు. షెడ్డులో గీసినంత శ్రద్ధగా. నేను చూస్తున్నానని అతనికి తెలుసు.

మేం వాయించాం. నా టోన్ ఆ రోజు నేను కోరుకున్నట్టే ఉంది. ఏ తప్పూ దాక్కోలేదు. రెండు చోట్ల నా వేలు జారింది, హాలంతటికీ వినబడింది. కీబోర్డు చివరి కుర్చీ దాకా వినబడింది.

విరామంలో అందరూ టీ కోసం లేచారు. నేను మిక్సర్‌కు దూరంగా, అతనికి కనబడే చోట కుర్చీ వేసుకుని, గ్లాసును రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. అతను టీ తాగి, తిరిగొస్తూ మిక్సర్ మీదుగా వచ్చాడు. వంగి గీత చూశాడు. తర్వాత నా చేతుల వైపు చూశాడు.

"మొదలెడదామా బావా?" అన్నాడు.

ఇప్పటికీ ప్రతి కార్యక్రమానికీ అతని జేబులో ఆ టేపు ఉంటుంది. మధ్యాహ్నం మా ఇంట్లోనే తింటాడు. కీబోర్డు మాత్రం తిరిగి మా ముందుగదికి తేలేదు. టేపు మానెయ్యమని అడగడానికి నాకు నోరు రాదు. విరామంలో నా కుర్చీని అతనికి కనబడే చోటే వేసుకుంటాను.